సిరప్పు మూత వెనక దీపం

నాతో దెబ్బలాడటం అందరూ మానేశారు. ఇంజను దిగాక నాకు జరిగిన మొదటి నష్టం అదే. అంతకుముందు మా క్రూ లాబీలో, అంటే డ్యూటీ ఎక్కే దిగే డ్రైవర్లు హాజరు వేయించుకునే హాల్లో, నేను అడుగు పెట్టానంటే ఏదో ఒక రభస ఉండాల్సిందే. ఇంజను అద్దం తుడవలేదని ఒకరితో, రెస్టు పూర్తి కాకుండా పిలిచారని మరొకరితో. బెంగాలీలో మొదలుపెట్టి, హిందీలో పెంచి, తెలుగులో ముగించేవాణ్ని. తిట్టు తెలుగులో పడితేగానీ నాకు తృప్తి ఉండదు. అవతలివాళ్లూ తక్కువ తినలేదు. ఇప్పుడు అదే లాబీలో కౌంటరు వెనక కూర్చుని, వచ్చినవాళ్లు తాగి రాలేదని తేల్చడానికి వాళ్లచేత గొట్టంలోకి ఊదిస్తున్నాను. "దాదా, తబియత్ ఎలా ఉంది, ఒంట్లో నయమేనా?" అని అందరూ మెత్తగా అడుగుతారు. కంప్యూటర్లో నేను ఒకటి నొక్కబోయి ఇంకోటి నొక్కి, వాళ్ల బండి నంబరు తారుమారు చేసినా "పర్లేదు దాదా" అంటారు. నాకు ఒళ్లు మండిపోతుంది.

ఇంజను దిగానంటే రిటైరయ్యానని కాదు. సర్వీసు ఇంకా ఉంది. ఊపిరితిత్తులకు క్షయ పట్టింది, నెలల తరబడి మాత్రలు మింగాను, జబ్బు తగ్గింది. తిరిగి డ్యూటీలో చేరే ముందు కళ్లు పరీక్ష చేశారు. రంగురంగుల చుక్కల మధ్య అంకెలు దాచిన పుస్తకమొకటి ముందు పెట్టారు. నాకు చుక్కలే కనిపించాయి. తర్వాత చీకటి గదిలో లాంతరు. దాని కంతలో ఒకే ఒక దీపం, రంగులు మార్చి మార్చి వెలిగిస్తారు, ఏ రంగో చెప్పాలి. ధైర్యంగానే చెప్పాను. డాక్టరమ్మ ఏదో రాసుకుని, కుర్చీ దగ్గరికి జరిపి, మెల్లగా విషయం చెప్పింది. ఆ మాత్రల్లో ఒకటి కొందరికి ఎరుపూ ఆకుపచ్చా విడిగా తెలిసే చూపును దెబ్బ తీస్తుందట. మాత్ర ఆపాక కొందరికి ఆ చూపు తిరిగి వస్తుందట, కొందరికి రాదట. కొన్నాళ్లాగి ఇంకోసారి చూద్దాం అంది.

ఆ "ఇంకోసారి" మీదే నా ప్రాణాలన్నీ పెట్టుకున్నాను. అందులో నెగ్గితే మళ్లీ ఇంజను. ఓడితే రిటైరయ్యేదాకా ఈ కౌంటరు, ఈ గొట్టం. నిజం చెప్పొద్దూ, నా కళ్లకు ఏదో అయిందని నేను నమ్మనేలేదు. స్టేషన్ దగ్గర నిలబడి సిగ్నల్ చూస్తే ఇది ఎరుపు, ఇది పచ్చ అని ఠక్కున చెప్పగలిగేవాణ్ని. ఏ దీపం పైన ఉంటుందో, ఏది కింద ఉంటుందో ఇన్నేళ్లుగా తెలిసినవాడికి రంగు చూడాల్సిన పనే లేదని అప్పుడు తట్టలేదు. చుక్కల పుస్తకం చూసుకుంటూ ఎవడు బండి నడుపుతాడని లాబీలో కనిపించిన ప్రతివాడితో అన్నాను. "ఔను దాదా, ఔను" అన్నారు. ఒక్కడూ కాదనలేదు.

నేనుండేది ఈ బెంగాలీ రైల్వే ఊళ్లోనే, న్యూ సెటిల్‌మెంట్‌లో రైల్వే క్వార్టరు. మాకు పిల్లలు లేరు. నా భార్య పోయి కొన్నేళ్లయింది. ఇంజను మీద ఉన్నన్నాళ్లూ ఇల్లంటే నాకు నిద్రపోయే చోటు, అంతే. లేచేసరికి పిలుపు వచ్చేది, పోయేవాణ్ని. ఇప్పుడు సాయంత్రం కాగానే ఇంటికొచ్చి తాళం తీస్తే, పొద్దున నేను వదిలిన గ్లాసు వదిలినచోటే ఉంటుంది. అలాంటి మామూలు సంగతికి కూడా గుండె కలుక్కుమంటుందని ఎవరైనా చెబితే ఇదివరకు నవ్వేవాణ్ని.

అలాంటి సాయంత్రాల్లోనే రైలు నడిపే ఆట ఒకటి కంప్యూటర్లో ఎక్కించుకున్నాను. అది కీబోర్డుతో ఆడాలి. ఒక అక్షరం నొక్కితే స్పీడు, ఇంకోటి నొక్కితే బ్రేకు. ఇదేం ఖర్మ అనిపించింది. బండి నడపడమంటే హిసాబు టైపు చేయడం కాదు గదా. చేతికి హ్యాండిల్ తగలాలి. అప్పుడొచ్చింది ఆలోచన. ఇంజను డెస్కులాంటి పెట్టె నేనే తయారుచేసి కంప్యూటర్‌కు తగిలిస్తే? అందులోనే ఒక దీపం పెట్టి, ఆసుపత్రి లాంతరులా రంగులు మారేట్టు చేస్తే? అటు ఆటా, ఇటు పరీక్షకు సాధనా. ఐటీఐలో ఎలక్ట్రికల్ చదివినవాణ్ని, టంకం పెట్టడం చెయ్యి మరిచిపోలేదు. మిగతాది వీడియోల్లో కుర్రాళ్లు హిందీలో చెబుతుంటే ఆపి ఆపి నేర్చుకున్నాను.

సామాను కోసం సైకిలు మీద హిజ్లీ వైపు పోయేవాణ్ని. అక్కడ ఇంజనీరింగ్ కాలేజీ క్యాంపస్ విద్యార్థుల కోసం పెట్టిన ఎలక్ట్రానిక్స్ కొట్టు ఉంది. కొట్టాయన నా నెరిసిన తల చూసి "మనవడి ప్రాజెక్టా కాకూ?" అని బెంగాలీలో అడిగాడు, బాబాయిని పిలిచినట్టు. ఔనన్నాను. అక్కడితో ఆగుతుందా? వెళ్లినప్పుడల్లా మనవడి యోగక్షేమాలు అడగడం మొదలుపెట్టాడు. నేనూ చెప్పుకుంటూ పోయాను. లేని మనవణ్ని క్లాసులో ఫస్టు తెప్పించాను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుగా ఉంది నా వ్యవహారం. కానీ ఆ కొట్లో నాతో ఎవరో ఒకరు మాట్లాడేవారు, అది బాగుండేది.

పెట్టె పాత మంచం ప్లైవుడ్డుతో చేశాను. స్పీడు హ్యాండిల్‌కు ఏది పెట్టినా చేతికి నప్పలేదు. చివరికి మా ఆవిడ పాత కుక్కర్ పిడి ఊడదీసి బిగించాను. దాని కింద రేడియోలో వాడే వాల్యూమ్ కంట్రోల్. పిడి తిప్పితే అది తిరుగుతుంది, ఎంత తిరిగిందో చిన్న బోర్డు లెక్కగట్టి వైరు ద్వారా కంప్యూటర్‌కు చెబుతుంది. కంప్యూటర్ పాపం దాన్ని పిల్లలాడుకునే జాయ్‌స్టిక్ అనుకుంటుంది. అసలు ఇంజనులో హ్యాండిల్ సాఫీగా జారదు, గాడి గాడికీ టక్కుమని ఆగుతుంది. ఆ టక్కు లేకపోతే నాకు అన్నం సహించేట్టు లేదు. చెక్కలో గాళ్లు ఆకురాయితో రాసి, సైకిల్ బేరింగు గోళీని స్ప్రింగుతో వాటికి నొక్కించాను. మొదటిసారి టక్కు టక్కుమని చేతికి తెలిసినప్పుడు పిడి పట్టుకుని చాలాసేపు ఊరికే కూర్చుండిపోయాను.

బ్రేకుకు ఫ్యాను రెగ్యులేటరు, హారనుకు కాలింగ్ బెల్లు స్విచ్చు. ఇంజనులో డ్రైవరు కాసేపు ఏ హ్యాండిలూ ముట్టుకోకపోతే బజరు మోగుతుంది, మెలకువగానే ఉన్నానని బటన్ నొక్కాలి, లేకపోతే బండి దానంతటదే ఆగిపోతుంది. అదీ పెట్టాను. ఆ ఇంట్లో నేను మెలకువగా ఉన్నానో లేదో అడిగే ప్రాణి అదొక్కటే. హారను స్పీకర్లలోంచి బాగా గట్టిగానే వచ్చేది. పక్క క్వార్టరు బెంగాలీ బౌదీ, మన లెక్కన వదినగారు, ఒకరోజు గుమ్మంలోకి వచ్చి, "దాదా, ఇంట్లోకి మాల్‌గాడీ తెచ్చారా?" అంది. లోపలికి రమ్మన్నాను. పొయ్యి మీద పాలున్నాయని వెళ్లిపోయింది.

ఇక దీపం. ఒకే బుడ్డి ఎల్‌ఈడీలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ ఉండే రకం కొన్నాను. ఎరుపూ ఆకుపచ్చా కలిపి వెలిగిస్తే పసుపు. సూటిగా చూస్తే కళ్లలో పొడిచినట్టుందని, దగ్గు మందుతో వచ్చిన తెల్లటి కొలత మూత దాని మీద బోర్లించాను. గుండ్రంగా, మెత్తగా, అచ్చం దూరాన కనిపించే సిగ్నల్‌లా వచ్చింది. ఆటలో దట్టమైన పొగమంచు పెట్టాను. తెరంతా తెల్లగా ఉంటుంది, సిగ్నల్ స్తంభం కనిపించదు. ముందొచ్చే సిగ్నల్ ఏ రంగులో ఉందో ఈ దీపమే చెప్పాలి. కంత ఒకటే, కాబట్టి పైదా కిందదా అనే తిరకాసు లేదు. వెలుతురు ఎక్కువ తక్కువలను బట్టి పట్టేయకుండా దాన్ని కూడా ప్రోగ్రాములో ఇష్టమొచ్చినట్టు మారేలా పెట్టాను. నన్ను నేను మోసం చేసుకోవడానికి ఎక్కడా సందు ఉంచలేదు.

మొదటి ఆదివారమే మూడుసార్లు ఎరుపు దాటేశాను. "డేంజర్ సిగ్నల్ దాటారు" అని తెర మీద అక్షరాలు పడి ఆట ఆగిపోయింది. నేను చూసింది పచ్చ. తప్పు దీపానిదే అయ్యుంటుందని ఎల్‌ఈడీ మార్చాను. మళ్లీ దాటాను. ఈ నాలుగు కాళ్ల ఎల్‌ఈడీల్లో ఏ కాలు ఏ రంగుదో ఒక్కో తయారీదారు ఒక్కోలా పెడతాడు. అందుకే తారుమారైందని కాళ్లు విప్పి మళ్లీ టంకం పెట్టాను. అప్పుడు పచ్చ దగ్గర ఆగడం మొదలైంది. కాళ్లు మళ్లీ మొదటిలాగే పెట్టి, రెసిస్టర్లు మార్చాను, వైర్లు మార్చాను, కొట్టాయనను డూప్లికేటు సరుకు అంటగట్టావని కసిరాను. ఆడలేక మద్దెల ఓడు అంటారు. ఆ సామెత ఎవరి కోసం పుట్టిందో అప్పుడు మాత్రం నాకు గుర్తు రాలేదు.

బౌదీని ఒక్క నిమిషం పిలిచి ఇది ఏ రంగు అని అడిగితే తేలిపోయేది. అడగలేదు. సిగ్నల్ రంగు చెప్పడానికి ఒక అర్హత ఉండాలని నాకు నేనే చెప్పుకున్నాను. అసలు సంగతి భయం. దీపం తప్పయితే నా కళ్లు మంచివి. దీపం మంచిదైతే? ఆ ప్రశ్నతో ఒంటరిగా ఎన్నాళ్లుంటాను? ఆసుపత్రికి వెళ్లాల్సిన రోజు దగ్గర పడుతోంది. చివరికి మా అసిస్టెంటును పిలిచాను.

మా అసిస్టెంటు అంటే నా పక్కన ఏళ్ల తరబడి ఇంజనులో కూర్చున్నవాడు. వాళ్ల తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ వర్క్‌షాపులో చేరాడు. ఇప్పుడు వాడే గూడ్సు డ్రైవరు, తాల్‌బగీచాలో ఇల్లు కట్టుకున్నాడు. ఇంజనులో మాకొక పద్ధతి ఉంది. సిగ్నల్ కనపడగానే ముందు చూసినవాడు చెయ్యి చాపి రంగు గట్టిగా చెప్పాలి. రెండోవాడు తన కళ్లతో చూశాకే అదే మాట తిరిగి చెప్పాలి. చూడకుండా చెప్పకూడదు, పెద్దవాడన్నాడు కదా అని చెప్పకూడదు. ఒకసారి రాత్రి ఎక్స్‌ప్రెస్ నడుపుతూ బాలాసోర్ దాటాక కుండపోత వానలో నేను "గ్రీన్" అన్నాను. వాడు పలకలేదు. "చెప్పవేట్రా?" అని అరిచాను. "నాకు కనపడ్నేదు గురువుగారూ. నేను సెప్పను" అన్నాడు. చచ్చినట్టు బ్రేకు వేసి బండిని పాకించాను. తీరా చూస్తే పచ్చే. భద్రక్ వరకూ వాణ్ని తిడుతూనే ఉన్నాను, వాడూ మాటకు మాట అంటూనే ఉన్నాడు. మనసులో మాత్రం వీడు పక్కనుంటే కళ్లు మూసుకుని బండి నడపొచ్చు అనుకున్నాను. అందుకే ఈ పనికి వాడే తగినవాడు అనిపించింది.

వాడు రెస్టు రోజు చూసుకుని పొద్దున పదింటికి వచ్చాడు. చేతిలో వాళ్లమ్మ పంపిన ఎండునెత్తళ్ల కూర. పెట్టె చుట్టూ తిరిగి చూసి నోరు వెళ్లబెట్టాడు.

"ఏటిది గురువుగారూ, ఇంజన్నే ఇంట్లోకి తెచ్చీసినారు?"

"కూర్చో. నడిపి చూపిస్తాను."

"కుక్కరు పిడి పెట్టినారు. మూడు కూతలేస్తే దించీయాలా?"

చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో నేను పైకి నవ్వాను. వాడు ఎవరూ చెప్పకుండానే స్టూలు లాక్కుని నాకు కుడిపక్కన, కిటికీ దగ్గర కూర్చున్నాడు. ఇంజనులో అసిస్టెంటు కూర్చునేది అక్కడే. సంగతి విడమరిచి చెప్పాను. ఎల్‌ఈడీ తప్పు చూపిస్తోందని నా అనుమానం, నేను రంగు చెబుతాను, నువ్వు దీపం చూసి చెప్పు, నువ్వేం చెబితే అదే ఖాయం అన్నాను. ఆసుపత్రి సంగతి వాడికి తెలుసు. ఈ దీపం మీద ఏం ఆధారపడి ఉందో కూడా వాడికి తెలుసు. తలూపాడు.

బండి కదిలింది. తెరంతా మంచు. మొదటి సిగ్నల్‌కు మూత కింద దీపం వెలిగింది. "గ్రీన్" అన్నాను. "గ్రీన్" అన్నాడు వెంటనే, చెయ్యి చాపి. రెండోది పసుపు అన్నాను. పసుపే అన్నాడు. నాకు ఒంట్లోకి ప్రాణం వచ్చింది. పక్కన ఒక గొంతు నా మాట అందుకోవడం ఎంత బాగుందో చెప్పలేను. గొంతు సవరించుకుని ఇంకాస్త గట్టిగా చెప్పాలనిపించింది. పిడి ఇంకో గాడి ముందుకు తోశాను. మూడో దీపం వెలిగింది.

"గ్రీన్" అన్నాను.

వాడు పలకలేదు. నేను తల తిప్పాను. అప్పుడు చూశాను వాడి చెయ్యి. ఇంజనులో అసిస్టెంటు సీటు పక్కన అత్యవసరపు బ్రేకు ఒకటి ఉంటుంది. డ్రైవరు ప్రమాదం చూసి కూడా ఆగకపోతే, అసిస్టెంటు మాట కోసం చూడకుండా దాన్ని లాగేయాలి. మా ఇంట్లో ఆ చోట ఉన్నది కిటికీ ఊచ. వాడి కుడిచెయ్యి పోయి ఆ ఊచను పట్టేసుకుంది. దాన్ని కిందికి లాగుతున్నాడు. వాడు చూస్తున్నది మాత్రం దీపాన్నే. తర్వాత నన్ను చూశాడు.

"గ్రీన్, గురువుగారూ" అన్నాడు.

బండి ముందుకు పోయింది. తెర మీద అవే అక్షరాలు, డేంజర్ సిగ్నల్ దాటారని. ఆట ఆగిపోయింది.

"లైటే తప్పు" అన్నాడు వాడు గబగబా. "నాకూ పచ్చగానే కనపడ్డాది. డూప్లికేటు సరుకు. కలకత్తాలో మంచివి దొరుకుతాయి, నేను తెస్తాను. మీ కళ్లకేటి, బంగారంలాగున్నాయి."

వాడి చెయ్యి ఇంకా ఊచ మీదే ఉంది. నేను దాన్నే చూస్తున్నానని గమనించి తీసేశాడు. అరచేతికి తుప్పు అంటింది. ప్యాంటుకు తుడుచుకున్నాడు.

ముందు నాకు వచ్చింది దుఃఖం కాదు, కోపం. వానలో, చీకట్లో, నేను ఎంత అరిచినా చూడని రంగు చూశానని చెప్పనివాడు, నా ఇంట్లో, పట్టపగలు చెప్పాడు. లేచి వాడి చొక్కా పట్టుకుని, ఎరుపని చెప్పరా వెధవా, చెప్పి నాతో దెబ్బలాడరా అని అరవాలనిపించింది. ఆ కోపం అలా ఉండగానే కింద నుంచి ఇంకోటి మెల్లగా తన్నుకొచ్చింది. వీడు కూడా అటు వెళ్లిపోయాడు. "పర్లేదు దాదా" అనేవాళ్ల వైపు. నా కళ్లు పోయినందుకంటే ఆ క్షణాన అందుకే ఎక్కువ ఏడుపొచ్చింది. వాడిది జాలి అనీ, ఆ జాలి వెనక ప్రేమే ఉందనీ తెలుసు. తెలిస్తే మాత్రం ఏం లాభం?

"ఔను, డూప్లికేటే" అన్నాను. "పద, అన్నం తిందాం."

నెత్తళ్ల కూర బాగుంది. వాడి పిల్లల చదువుల గురించి అడిగాను, చెప్పాడు. వర్క్‌షాపు వైపు కొత్తగా పడిన రోడ్డు గురించి మాట్లాడుకున్నాం. ఇద్దరమూ పెట్టె వైపు చూడలేదు. అది కంప్యూటర్‌కు తగిలించే ఉంది కాబట్టి మధ్యలో బజరు మోగింది. వాడు లేవబోయాడు. "ఒగ్గేయి, అదే ఆగుతుంది" అన్నాను. కాసేపు మోగి ఆగింది. వెళ్లేటప్పుడు చెప్పులు వేసుకుంటూ, "మెడికల్‌కి నేనూ వొస్తాను, సెలవు పెడతాను" అన్నాడు. అక్కర్లేదన్నాను.

మర్నాడు లాబీకి వెళ్లగానే మా సూపర్‌వైజరుకు, నాకు ఇంకో పరీక్ష అక్కర్లేదు, కౌంటరులోనే ఉంటానని చెప్పేశాను. ఆయన కుర్చీ వేయించి, టీ తెప్పించాడు. సాయంత్రానికి లాబీ అంతా తెలిసిపోయింది. అందరూ ఇంకాస్త మెత్తబడ్డారు.

అసిస్టెంటు ఆ వారంలోనే కొత్త ఎల్‌ఈడీల పొట్లం కౌంటరులో నా చేతికిచ్చాడు. వెనక క్రూ అంతా లైనులో ఉన్నారు. వాడు గొట్టంలో ఊది, సంతకం పెట్టి, పొట్లం ముందుకు తోసి, బండికి పోయాడు. ఆ ఎల్‌ఈడీలు బిగించలేదు. పారేయనూ లేదు.

ఇప్పుడు ఆదివారాలు ఫోను చేస్తాడు. ఎక్కడో రన్నింగ్ రూములో, అంటే పైఊళ్లలో డ్రైవర్లు దిగే బసలో, రెస్టులో ఉంటాడు, వెనక పళ్లేల చప్పుడు వినిపిస్తుంటుంది.

"లైటు సరైపోనాదా గురువుగారూ?"

"సరైపోయింది."

"రంగులు బాగా తెలుస్తున్నాయా?"

"ఎరుపు ఎరుపుగానే, పచ్చ పచ్చగానే ఉన్నాయి. నువ్వన్నట్టు సరుకుదే తప్పు."

"నేను సెప్పినాను గదా" అంటాడు వాడు. నేను పరీక్ష వద్దన్న సంగతి వాడికి తెలుసు, లాబీలో తెలియనివాడెవడు? అయినా అడుగుతాడు. నేనూ చెబుతాను. ఇంజనులో ఉన్నన్నేళ్లూ మేము ఒకరికొకరం ఒక్క అబద్ధం కూడా చెప్పుకోలేదు. అప్పుడు మా వెనక బండెడు జనం నిద్రపోతుండేవారు. ఇప్పుడు మా వెనక ఎవరూ లేరు.